నిధులు ప్రపోజల్ రాయకముందే ఖాయమవుతాయి

ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా కుంట బ్లాకులో, తెలంగాణ సరిహద్దుకు దగ్గరగా ఉన్న ఊరు గొల్లపల్లి. చుట్టుపక్కల పారాల్లో (గూడేల్లో) దోర్లా, కోయ కుటుంబాలు ఎక్కువ. ప్రభుత్వ కాగితం హిందీలో ఉంటుంది, ఇంట్లో మాట కోయలో ఉంటుంది, సంతలో తెలుగు వినిపిస్తుంది. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక ఈ ప్రాంతంలో ఊళ్లకు ఊళ్లు ఖాళీ అయ్యాయి. వేలమంది అప్పటి ఖమ్మం జిల్లా అడవుల్లోకి వచ్చి తలదాచుకున్నారు. గిరిజన యువకులకు తుపాకులిచ్చి ప్రత్యేక పోలీసు అధికారులుగా వాడటం రాజ్యాంగ విరుద్ధమని 2011 జూలై 5న సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. తీర్పు వచ్చినంత త్వరగా బడి, ఆసుపత్రి, రేషన్ దుకాణం తిరిగి రాలేదు.

ఇప్పుడు ఈ వైపు చాలామంది కళ్లు పడుతున్నాయి. 2018లో కేంద్రం ప్రకటించిన ఆకాంక్షిత జిల్లాల్లో సుక్మా ఒకటి. భద్రతా క్యాంపుల చుట్టుపక్కల ఊళ్లకు పథకాలు చేర్చడానికి 2024లో ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ‘నియద్ నెల్లా నార్’ కార్యక్రమం తెచ్చింది. రోడ్డు పడిన చోటికి కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్ఆర్) నిధులు, ఫౌండేషన్ల గ్రాంట్లు కూడా బయల్దేరతాయి. ఆ డబ్బు ఊరిని ఎరిగిన చిన్న సంస్థ చేతికి వస్తుందా, ఊరి పేరు మ్యాపులో మాత్రమే చూసిన పెద్ద సంస్థ చేతికి వెళ్తుందా అన్నది ఈ రెండు మూడేళ్లలోనే తేలిపోతుంది.

భద్రాచలం, చర్ల, దుమ్ముగూడెం, చింతూరు, కుంట ప్రాంతాల్లోని చిన్న స్వచ్ఛంద సంస్థల్లో పనిచేసే కోఆర్డినేటర్లు, అకౌంటెంట్లు, కార్యదర్శుల కోసం ఈ వ్యాసం. పగలంతా పారాల్లో తిరిగి, రాత్రి ఓచర్లు రాసుకునేది మీరే. ఫండింగ్ అయిపోతోంది, ప్రపోజల్ రాయమని సంస్థ అడిగేదీ మిమ్మల్నే. నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. ఊరికి లెక్క చెప్పే అలవాటున్న సంస్థకు దాతకు లెక్క చెప్పడం కష్టం కాదు. ఆ అలవాటు లేని సంస్థను ఎంత మంచి ఇంగ్లిష్ ప్రపోజల్ అయినా రెండో ఏడాదికి నిలబెట్టలేదు.

ముందు కాగితాలు

దాత మొదట చూసేది మీ పని కాదు, మీ ఫైలు. ఇది అన్యాయంగా అనిపించవచ్చు. కానీ అటువైపు కూర్చున్న ప్రోగ్రాం ఆఫీసర్ కూడా ఒక ఉద్యోగే. కాగితం సరిగా లేని సంస్థకు డబ్బు ఇస్తే రేపు ఆడిటర్‌కు జవాబు చెప్పుకోవలసింది ఆయనే. అందుకే ఈ కింది పత్రాలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టుకోండి: రిజిస్ట్రేషన్ పత్రం, బైలా, ప్రస్తుత కార్యవర్గ జాబితా, పాన్, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, ఆదాయపన్ను రిటర్నులు, 12ఏబీ, 80జీ ఉత్తర్వులు, నీతి ఆయోగ్ నిర్వహించే ఎన్జీవో దర్పణ్ పోర్టల్ గుర్తింపు సంఖ్య, వార్షిక నివేదికలు.

12ఏబీ, 80జీ గుర్తింపులు ఒకసారి వస్తే శాశ్వతం అనుకునే రోజులు 2021 ఏప్రిల్‌తో పోయాయి. సాధారణంగా ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. ఏటా ఐదు కోట్ల లోపు ఆదాయం ఉన్న సంస్థలకు 12ఏబీ గడువును 2025 నుంచి పదేళ్లకు పెంచారు, 80జీకి ఆ వెసులుబాటు లేదు. మీరు 80జీ రసీదు ఇచ్చిన ప్రతి దాత వివరాలూ ఏటా మే 31లోగా ఆదాయపన్ను శాఖకు పంపాలి, లేకపోతే ఆ దాతకు పన్ను మినహాయింపు అందదు. ఒక్కసారి ఇలా నష్టపోయిన దాత మళ్లీ మీ గడప తొక్కడు. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపన్ను చట్టం అమలు కాబట్టి సెక్షన్ల నంబర్లు, ఫారాల పేర్లు మారతాయి. మీ ఆడిటర్‌తో కూర్చుని ఏది ఏమైందో ఒక కాగితం మీద రాయించుకోండి.

సరిహద్దులో పనిచేసేవాళ్లకు ఇంకో జాగ్రత్త అవసరం. సంస్థ రిజిస్టరైంది తెలంగాణలోనో ఆంధ్రప్రదేశ్‌లోనో, పని చేయబోయేది సుక్మా జిల్లాలో. మీ బైలాలో ‘కార్యక్షేత్రం’ అన్నచోట ఒకే జిల్లా పేరు ఉంటే, గొల్లపల్లిలో పెట్టిన ఖర్చును ఆడిటర్ ప్రశ్నిస్తాడు. గ్రాంటు వచ్చాక సవరించడం కంటే ఇప్పుడే సర్వసభ్య సమావేశంలో తీర్మానం చేసి సవరించుకోవడం మేలు.

ఎవరి డబ్బు ఏ దారిలో వస్తుంది

దాతలందరినీ ఒకే గాటన కట్టి, ఒకే ప్రపోజల్‌ను పేర్లు మార్చి పంపడం వల్ల కాలం వృథా అవుతుంది. ఒక్కో డబ్బుకు ఒక్కో చట్టం, ఒక్కో క్యాలెండర్ ఉన్నాయి.

సీఎస్ఆర్ సంగతి ముందు చూద్దాం. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, వీటిలో ఏ ఒక్కటి దాటిన కంపెనీ అయినా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సామాజిక పనులకు ఖర్చుపెట్టాలి. బయటి సంస్థ ఆ డబ్బు అందుకోవాలంటే 12ఏబీ, 80జీలతో పాటు అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, సీఎస్ఆర్-1 నమోదు సంఖ్య ఉండాలి. కంపెనీ బోర్డు ఏటా ఒక కార్యాచరణ ప్రణాళికను ఆమోదిస్తుంది, మీ పని ఆ జాబితాలోకి ఎక్కాలి. మార్చిలో దరఖాస్తు పట్టుకెళ్తే అప్పటికే పంపకాలు అయిపోయి ఉంటాయి. దసరా, దీపావళి నాటికే పరిచయం చేసుకుని, సంక్రాంతిలోపు ప్రపోజల్ ఇవ్వడం మంచిది.

బైలడీలా గనులు బస్తర్‌లో ఉన్నా, వాటిని నడిపే ఎన్ఎండీసీ ప్రధాన కార్యాలయం హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో ఉంది. భద్రాచలం పక్కనే సారపాకలో ఐటీసీ కాగితం మిల్లు, కొత్తగూడెంలో సింగరేణి ఉన్నాయి. కంపెనీలు తమ చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. కాబట్టి ముంబైకి మెయిల్ పెట్టేముందు ఇక్కడి కార్యాలయాల్లో సీఎస్ఆర్ చూసే అధికారి ఎవరో, వాళ్ల కార్యక్షేత్రం ఎంతవరకో కనుక్కోండి.

గనుల డబ్బుకు ఇంకో దారి జిల్లా ఖనిజ ఫౌండేషన్. 2015 నాటి చట్ట సవరణతో ఏర్పడిన ఈ నిధి కలెక్టర్ కార్యాలయం ద్వారా నడుస్తుంది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో ఈ నిధితో చేపట్టే పనులకు గ్రామసభ ఆమోదం కావాలి. గ్రామసభ తీర్మానం చేతిలో ఉన్న సంస్థ మాటకు అక్కడ బరువు ఉంటుంది.

జీవనోపాధి పనులకు నాబార్డు ఉంది. 2003-04లో మొదలైన గిరిజన అభివృద్ధి నిధి కింద కుటుంబానికి దాదాపు ఎకరంలో పండ్లతోట వేయించే ‘వాడి’ పథకం నడుస్తోంది. జిల్లా అభివృద్ధి మేనేజర్‌ను కలిస్తే చాలు, ప్రపోజల్ ఏ రూపంలో కావాలో ఆయనే చెబుతారు. అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్, టాటా ట్రస్టుల వంటివి విద్య, ఆరోగ్యం, పోషకాహారం మీద దీర్ఘకాలం పనిచేసేవాళ్లను వెతుకుతాయి. ఇలాంటివాళ్ల దగ్గర తొందర పనికిరాదు.

విదేశీ నిధుల విషయంలో చాలా జాగ్రత్త అవసరం. 2020 సెప్టెంబరులో విదేశీ విరాళాల నియంత్రణ చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) సవరణ తర్వాత విదేశీ విరాళం అందుకున్న సంస్థ దాన్ని మరో సంస్థకు ఇవ్వకూడదు. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. డబ్బు ముందుగా ఢిల్లీ పార్లమెంట్ వీధిలోని స్టేట్‌బ్యాంక్ ప్రధాన శాఖ ఖాతాలోకే రావాలి. నగరంలోని పెద్ద సంస్థ ద్వారా చిన్న సంస్థలకు వచ్చే పాత దారి అలా మూసుకుపోయింది. సొంత రిజిస్ట్రేషన్ కావాలంటే మూడేళ్ల వయసు, ఆ మూడేళ్లలో అసలు పనుల మీద కనీసం 15 లక్షల ఖర్చు చూపాలి.

అమెరికాలోని తెలుగువాళ్లు పంపే డబ్బు విషయంలో చాలామంది తడబడతారు. భారత పౌరసత్వం ఉన్న ఎన్ఆర్ఐ తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా ఇస్తే అది విదేశీ విరాళం కిందికి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, ఓసీఐ కార్డు ఉన్నా సరే, ఇచ్చే ప్రతి రూపాయీ విదేశీ విరాళమే. మేనమామ ఇచ్చినా, క్లాస్‌మేట్ ఇచ్చినా నిబంధన ఒకటే. డబ్బు తీసుకునే ముందు పాస్‌పోర్టు ఏ దేశానిదో మొహమాటం లేకుండా అడిగి, కాపీ తీసి ఫైలులో పెట్టండి. ఎఫ్‌సీఆర్ఏ ఉన్నవాళ్లు 1991లో అమెరికాలో మొదలైన ఎయిడ్, ఆశా ఫర్ ఎడ్యుకేషన్ వంటి వాలంటీర్ సంస్థలను కూడా సంప్రదించవచ్చు. వాళ్ల వాలంటీర్లు ఇండియాకు వచ్చినప్పుడు పని జరిగే ఊరికే వచ్చి చూస్తారు.

గ్రామసభలో మొదలుపెట్టండి

కొండల మధ్య, గనుల పక్కన, ఇంతకాలం ఘర్షణ నడిచిన చోట డబ్బు ఎవరిదన్నది చిన్న విషయం కాదు. 2019 జూన్‌లో బైలడీలా 13వ నిక్షేపంలో తవ్వకాలు వద్దని, ఆ కొండ తమ దేవుడు నందరాజ్‌దని వేలమంది ఆదివాసులు కిరండూల్‌లో ధర్నాకు కూర్చున్నారు. అలాంటి చోట ఏ కంపెనీ పేరుతో బోర్డు పెట్టబోతున్నారో ఊరికి ముందుగా చెప్పకపోతే, పది సంవత్సరాల నమ్మకం ఒక బోర్డుతో పోతుంది. ఇదే సరిహద్దులో 2006 నుంచి వైద్యం అందించిన డాక్టర్స్ వితౌట్ బోర్డర్స్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా ప్రధానంగా సామాన్యుల విరాళాలతోనే నడవడానికి కారణం కూడా ఇదే. ఏ పక్షానికీ చెందని డబ్బుతో పనిచేస్తేనే అన్ని పక్షాల ఊళ్లలోకీ వెళ్లగలరు.

షెడ్యూల్డ్ ప్రాంతాల పంచాయతీలకు వర్తించే 1996 నాటి పెసా చట్టం ప్రకారం ఊరి అభివృద్ధి పనులను గ్రామసభ ఆమోదించాలి. పంచాయతీ పెట్టిన ఖర్చుకు వినియోగ ధ్రువపత్రం కూడా గ్రామసభే ఇవ్వాలి. చట్టం ఈ మాట పంచాయతీకే చెప్పినా, మీరు కూడా పాటించండి. పని మొదలుపెట్టే ముందు ఎంత డబ్బు, ఎవరిది, దేనికి అని గ్రామసభలో చెప్పి తీర్మానం తీసుకోండి. ఆరు నెలలకోసారి ఖర్చు చదివి వినిపించి సంతకాలు, వేలిముద్రలు తీసుకోండి. ఆ కాగితానికి దాత దగ్గర ఎంత విలువ ఉంటుందో మీరే చూస్తారు. ఏ ఫోటో ఆల్బమ్ దాని దరిదాపుల్లోకి రాదు.

ఊరి వాటా కూడా అడగండి. ఛత్తీస్‌గఢ్‌లోనే దల్లీ రాజహరా గని కార్మికులు తమ చందాలతో, శ్రమదానంతో షహీద్ ఆసుపత్రి కట్టుకున్నారు. 1983 జూన్ 3న తెరిచిన ఆ ఆసుపత్రి ఊరి చేయి పడిన పని నిలబడుతుందని చెప్పడానికి ఇప్పటికీ మంచి ఉదాహరణ. గొల్లపల్లి పారాలో డబ్బు ఉండకపోవచ్చు. కానీ వెదురు, కట్టె, పనిరోజులు, పిల్లలకు అన్నం వండే చేతులు ఉంటాయి. వాటికి విలువ కట్టి బడ్జెట్‌లో ‘ఊరి వాటా’గా చూపండి.

ప్రపోజల్‌లో ఏం రాయాలి

“మారుమూల గిరిజన ప్రాంతంలో పేదరికం, నిరక్షరాస్యత, పోషకాహార లోపం తాండవిస్తున్నాయి. వారి సమగ్రాభివృద్ధికి మా సంస్థ కృషి చేస్తోంది.” ఇలాంటి వాక్యం దాత రోజూ చదువుతాడు. ఇందులో ఏ ఊరు పేరు పెట్టినా సరిపోతుంది. అందుకే అది ఎవరినీ కదిలించదు.

దాన్ని ఇలా మార్చి చూడండి. ఇక్కడి అంకెలు ఉదాహరణకు మాత్రమే, మీ అంకెలు మీరే లెక్కపెట్టుకోవాలి: “మేము పనిచేసే మూడు పారాల్లో మూడేళ్లలోపు పిల్లలు 41 మంది. అంగన్‌వాడీ వాగు అవతల ఉంది, వానాకాలం మూడు నెలలు ఎవరూ దాటలేరు. తునికాకు సీజన్లో తల్లులు తెల్లవారకముందే అడవికి వెళ్తారు, చిన్న పిల్లలను ఏడెనిమిదేళ్ల అక్కలు చూసుకుంటారు. జూన్‌లో తూకం వేస్తే 41 మందిలో 19 మంది తక్కువ బరువు ఉన్నారు. పారాకు ఒక శిశు సంరక్షణ కేంద్రం, ఊరి మహిళలే ఇద్దరు నడిపేలా, ఏడాదికి ఇంత ఖర్చు.” ఇది చదివాక దాతకు ఊరు కనిపిస్తుంది. సమస్య ఎక్కడుందో, డబ్బు ఎక్కడ పడుతుందో, ఏడాది తర్వాత ఏం కొలవాలో తెలుస్తుంది. పెద్దపిల్ల బడికి వెళ్లగలుగుతుందన్న రెండో లాభం కూడా చెప్పకుండానే అర్థమవుతుంది.

ఇలాంటి పనికి మన పక్కనే నమూనా ఉంది. బిలాస్‌పూర్ దగ్గర గనియారీలోని జన స్వాస్థ్య సహయోగ్ మూడేళ్లలోపు పిల్లల కోసం ఫుల్వారీ కేంద్రాలు నడిపింది. ఆ నమూనాను తర్వాత రాష్ట్ర ప్రభుత్వం సుర్గుజాలో చేపట్టింది. విశాఖ కేంద్రంగా కోవెల్ ఫౌండేషన్ తపసి జిగురు సేకరించే గిరిజనులకు చెట్టు చావకుండా గాటు పెట్టడం, జిగురును శుభ్రంగా ఆరబెట్టడం నేర్పింది. గ్రేడు పెరిగితే ధర పెరుగుతుంది, ఆ తేడా గిరిజన సహకార సంస్థ కొనుగోలు రసీదులోనే కనిపిస్తుంది. ఈ రెండు పనుల్లోనూ మీరు నేర్చుకోవలసింది ఒకటుంది. పని చిన్నది, కొలత స్పష్టం, రుజువు ఊరి చేతిలోనే ఉంది.

బడ్జెట్, ఓచర్

బడ్జెట్‌లో చాలా సంస్థలు భయపడి తమ ఖర్చు తగ్గించి రాస్తాయి. అకౌంటెంట్ జీతం, ఆడిట్ ఫీజు, బండి పెట్రోలు, వానాకాలంలో రెట్టింపయ్యే ప్రయాణ ఖర్చు వదిలేస్తారు. తర్వాత ఆ లోటు పూడ్చేది కార్యకర్తల జీతాలే. ఇది తప్పు. సీఎస్ఆర్ నిబంధనల్లోని 5 శాతం పరిమితి కంపెనీ సొంత పాలనా ఖర్చుకు సంబంధించింది. ప్రాజెక్టు రూపకల్పనకు, అమలుకు, పర్యవేక్షణకు నేరుగా అయ్యే ఖర్చు ఆ పాలనా ఖర్చు కిందికి రాదు. ఈ సంగతి మర్యాదగా, స్పష్టంగా చెప్పి మీ సిబ్బంది జీతాన్ని ప్రాజెక్టు ఖర్చుగానే చూపండి.

ఇక ఓచర్ విషయం. జ్వరంతో ఉన్న గర్భిణిని అర్ధరాత్రి పారా నుంచి రోడ్డు దాకా మోసుకొచ్చి, అక్కడి నుంచి బండి కట్టించుకుని ఆసుపత్రికి తెస్తారు. బండివాడి దగ్గర బిల్లు ఉండదు. అప్పుడు ఓచర్ మీద తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఎందుకు, ఎంత, బండి నంబరు, డ్రైవర్ సంతకం లేదా వేలిముద్ర, పక్కన ఒక సాక్షి సంతకం ఉండాలి. ఆ రోజే రాయాలి, నెలాఖరుకు గుర్తు చేసుకుని రాసిన ఓచర్‌ను ఆడిటర్ ఇట్టే పసిగడతాడు. ఐదు వేలు దాటిన చెల్లింపు రసీదుకు రెవెన్యూ స్టాంపు అంటించండి. ఒక్కరికి ఒక్కరోజులో పదివేలకు మించి నగదు ఇవ్వకండి, బ్యాంకు ద్వారానే పంపండి. రోగి పేరు, జబ్బు వివరాలు మాత్రం వేరే రిజిస్టర్‌లో ఉంచి, దాతకు వెళ్లే కాగితాల్లో సంఖ్య మాత్రమే ఇవ్వండి.

సీఎస్ఆర్ డబ్బు ఆమోదించిన పనికే ఖర్చయిందని కంపెనీ ఫైనాన్స్ అధిపతి ధ్రువీకరించాలి. మిమ్మల్ని వినియోగ పత్రం, బిల్లుల కాపీలు పదేపదే అడిగేది అందుకే. అది అనుమానం కాదు, ఆయన ఉద్యోగం.

దాతతో బంధం

డబ్బు పడ్డాక ఫోను ఎత్తకపోవడం, గడువు ముగిసే నెలలో మాత్రమే గుర్తొచ్చినట్టు పలకరించడం మన సంస్థల్లో ఎక్కువ. దాతకు రెండు నెలలకోసారి అరపేజీ ఉత్తరం రాయండి. ఏం జరిగింది, ఏం జరగలేదు, ఎందుకు జరగలేదు, వచ్చే రెండు నెలలు ఏం చేస్తారు అన్న నాలుగు ముక్కలు చాలు.

చెడు వార్తను మీరే ముందు చెప్పండి. వాగు పొంగి కేంద్రం నెలరోజులు మూతపడినా, టీచర్ మానేసినా, పరిస్థితులు బాగాలేక పారాలోకి వెళ్లలేకపోయినా ఆ వారంలోనే ఫోన్ చేసి, మెయిల్‌లో కూడా రాయండి. బడ్జెట్‌లో ఒక పద్దు నుంచి ఇంకో పద్దుకు మార్చాలంటే ఖర్చుపెట్టక ముందే అనుమతి అడగండి. అడిగితే చాలాసార్లు సరేనంటారు. ఖర్చయ్యాక చెప్తే మంచి దాత కూడా ఇరుకున పడతాడు.

దాత ఊరికి వస్తానంటే ఊరిని అలంకరించకండి. పిల్లలను ఎండలో నిలబెట్టి పూలు ఇప్పించకండి. పని జరుగుతున్న రోజున, జరుగుతున్నట్టుగానే చూపించండి. మాట్లాడేది మీరు కాకుండా ఊరి మహిళ మాట్లాడాలి, ఆమె కోయలో మాట్లాడితే మీరు తిప్పి చెప్పండి. ఫోటో తీసే ముందు అడగండి. ఈ ప్రాంతంలో ఒక ముఖం, ఒక ఊరి పేరు కలిసి ఇంటర్నెట్‌లో పడటం ఒక కుటుంబానికి ప్రమాదం తేవచ్చు. గ్రాంటు ఇచ్చేవాళ్లు అడిగినా సరే, అలాంటి ఫోటో ఇవ్వనని చెప్పే ధైర్యం మీకు ఉండాలి.

ఒక్క దాత మీద ఆధారపడకండి. ఆ కంపెనీ పాలసీ మారినా, ఆ అధికారి బదిలీ అయినా మీ కేంద్రాలు మూతపడకూడదు. ఒక పెద్ద గ్రాంటు ఉన్నప్పుడే రెండు చిన్న దారులు వెతకండి. నెలకు రెండొందలు ఇచ్చే భద్రాచలం వ్యాపారి, ఏటా జీతంలో కొంత పంపే ఉపాధ్యాయుడు కూడా దాతలే. వాళ్లకూ రసీదు, ఉత్తరం, గౌరవం సమానంగా అందాలి.

మీకు చేతకాని పనికి డబ్బు వస్తే వద్దనండి. పోషకాహారం మీద పనిచేసే సంస్థ, డబ్బు ఉందని కంప్యూటర్ శిక్షణ తలకెత్తుకుంటే రెండూ చెడతాయి. “ఈ పని మాకు రాదు, ఫలానా సంస్థ బాగా చేస్తుంది” అని చెప్పిన సంస్థను దాతలు మర్చిపోరు.

ఈ వ్యాసం చదివాక చేయవలసిన పని ఒకటుంది. వచ్చే గ్రామసభకు మీ క్యాష్ బుక్ తీసుకెళ్లండి. ఈ ఆరు నెలల ఖర్చును ఊరికి అర్థమయ్యే భాషలో చదివి వినిపించండి. వాళ్లు అడిగే ప్రశ్నలు రాసుకుని జవాబులు సిద్ధం చేసుకోండి. రేపు దాత అడిగే ప్రశ్నలు దాదాపు అవే. ఊరి ముందు నిలబడి జవాబు చెప్పగలిగిన సంస్థకు నిధులు అడిగే హక్కు ఉంది. ఆ హక్కుతోనే వెళ్లి అడగండి.